చైతన్యాన్ని వివరించే సిద్ధాంతాలు: మీ ప్రశ్నకు ఏది పనికొస్తుంది?

చైతన్యం గురించి చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా రెండు మూడు పుస్తకాలయ్యేసరికి తల తిరుగుతుంది. ఒకరు అంతా న్యూరాన్ల పనే అంటారు. ఇంకొకరు న్యూరాన్ల లెక్క ఎంత తేల్చినా అనుభవం సంగతి తేలకుండానే మిగిలిపోతుందంటారు. మూడో ఆయన వచ్చి, మీరు అనుభవం అనుకుంటున్నదే భ్రమ పొమ్మంటాడు. చదువుతున్నంతసేపూ ముగ్గురి మాటా సబబుగానే ఉంటుంది. ఎందుకంటే చాలాసార్లు వాళ్లు జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు. కదలక మెదలక మంచాన పడి ఉన్న రోగికి లోపల ఎరుక ఉందో లేదో తేల్చడానికి అక్కరకొచ్చే సిద్ధాంతం, ఎరుపు ఎర్రగానే ఎందుకు తోస్తుందని అడిగితే నోరు మెదపదు. ఈ రెండో ప్రశ్నను లోతుగా తవ్వే వాదం ఆ రోగి మంచం దగ్గర ఎందుకూ కొరగాదు. అందుకని సిద్ధాంతం కంటే ముందు ప్రశ్నను ఎంచుకోవాలి. ఆ తర్వాత పని సగం తేలికవుతుంది.

ముందు మూడు ప్రశ్నలు విడదీయండి

మొదటిది మెలకువ. మనిషి లేచి ఉన్నాడా, నిద్రలో ఉన్నాడా, మత్తులో ఉన్నాడా, కోమాలో ఉన్నాడా? దీన్ని నడిపేది ప్రధానంగా మెదడు కాండం, దాని పైనున్న థాలమస్. రెండోది ఎరుకలోని విషయం. లేచి ఉన్న మనిషికి ఈ క్షణంలో ఏది తెలుస్తోంది, ఏది తెలియడం లేదు? మూడోది అనుభవం. తెలియడం అనేది ఇలా 'అనిపించడం'గా ఎందుకు ఉంది, చీకట్లో జరిగే లెక్కలాగా ఎందుకు లేదు? 1995లో తత్వవేత్త డేవిడ్ చాల్మర్స్ కఠిన సమస్య అని పేరు పెట్టింది ఈ మూడోదానికే.

ఇవి వేర్వేరని చెప్పడానికి వాదనలు అక్కర్లేదు, రోగులే సాక్ష్యం. కొందరు తీవ్ర మెదడు గాయం తర్వాత కళ్లు తెరుస్తారు, నిద్రా మెలకువల చక్రం తిరిగి వస్తుంది, కానీ ఎరుక ఉన్న జాడ ఏదీ కనబడదు. అంటే మెలకువ ఉంది, విషయం లేదు. కలలో దీనికి తలకిందులు: నిద్రపోతూనే ఉంటాం, అనుభవం మాత్రం నిండుగా ఉంటుంది. మెదడు వెనక భాగంలో మొదటి దృశ్య ప్రాంతం దెబ్బతిన్నవాళ్ల కథ ఇంకా విచిత్రం. 1974లో లారెన్స్ వైస్‌క్రాంట్జ్ బృందం పరీక్షించిన డీబీ అనే రోగికి చూపులో ఒక వైపు ఏమీ కనబడదు. అయినా 'ఏదో ఒకటి ఊహించి చెప్పు' అని బలవంతపెడితే, ఆ వైపు చూపించిన వెలుగు ఎక్కడుందో వేలు పెట్టి చూపగలిగాడు. గీత నిలువా అడ్డమా అన్నదీ కాకతాళీయం అనుకోలేనంత సరిగ్గా చెప్పాడు. సమాచారం మెదడులోకి చేరింది, పని కూడా చేసింది, చూసిన అనుభవం మాత్రం లేదు.

మీరు చదువుతున్న పుస్తకమైనా, వింటున్న ఉపన్యాసమైనా ఈ మూడింటిలో దేని గురించో పక్కన రాసుకోండి. సగం గొడవలు అక్కడే సద్దుమణుగుతాయి. మిగతా సగం నిజమైన గొడవలే. వాటి సంగతి ఇప్పుడు చూద్దాం.

తత్వం వైపు ఉన్న దారులు

ద్వైతంతో మొదలుపెడదాం. డెకార్ట్ 1641లో మనసు వేరు, పదార్థం వేరు అన్నాడు. ఆలోచన, సంకల్పం, సందేహం అన్నీ మనసు ఖాతాలో వేశాడు. రెండేళ్లు తిరక్కుండానే బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరం రాసింది: చోటు ఆక్రమించని ఆత్మ, చోటు ఆక్రమించే దేహాన్ని ఎలా కదిలిస్తుంది? ఆయన ఇచ్చిన జవాబులేవీ ఆమెకు తృప్తినివ్వలేదు, ఆ తర్వాత వచ్చిన ద్వైతులకూ ఆ ప్రశ్న వదల్లేదు. పైగా మెదడులో చిన్న దెబ్బ తగిలితే జ్ఞాపకమో, మాటో, స్వభావమో మారిపోతున్నప్పుడు, అవన్నీ ఆత్మ పనులని చెప్పడం ఏటికేడు కష్టమవుతోంది.

సాంఖ్యం గీత వేరే చోట గీసింది. దీన్ని డెకార్ట్‌తో కలిపి ఒకే గాటన కట్టేసేవాళ్లు ఎక్కువ. సాంఖ్యంలో బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి వైపే ఉంటాయి. పురుషుడు కేవలం సాక్షి, ఏ పనీ చేయడు. కనుక నిర్ణయాలు, జ్ఞాపకాలు, 'నేను' అనే భావన అన్నీ మెదడులోనే తయారవుతాయని న్యూరోసైన్స్ రేపు పూర్తిగా రుజువు చేసినా సాంఖ్యానికి పోయేదేమీ లేదు. ఎలిజబెత్ ప్రశ్న కూడా దాన్ని నేరుగా తాకదు. దానికి తగిలే దెబ్బ ఇంకోటి ఉంది. సాక్షి ఏ పనీ చేయనప్పుడు 'నాకు అనుభవం ఉంది' అని నోరు పలకడానికి కారణం ఎవరు? ఆ మాట పలికేది ప్రకృతే. అంటే సాక్షి లేకపోయినా అదే మాట, అదే స్వరంలో వచ్చేదే. ఇది చిన్న ఇబ్బంది కాదు. అనుభవాన్ని కార్యకారణాల గొలుసుకు బయట పెట్టే ప్రతి వాదానికీ ఈ చిక్కు ఉంది.

భౌతికవాదం కొత్తదేమీ కాదు. నాలుగు భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందనీ, పులిసినప్పుడు మత్తు పుట్టినట్టే ఇదీ అనీ చార్వాకులు ఎప్పుడో అన్నారు. ఆధునిక రూపంలో దీనికి రెండు ముఖ్యమైన పాయలున్నాయి. అనుభవం అంటే మెదడులో ఫలానా స్థితే, వేరే ఏమీ కాదు అనేది ఒకటి. అది ఏ పదార్థంతో తయారైందన్నది కాదు, ఏ పని చేస్తుందన్నదే లెక్క అనేది రెండోది. దీన్ని కార్యవాదం అందాం. ఈ రెండోదాన్ని ఒప్పుకుంటే, తగిన పని చేసే యంత్రానికి కూడా చైతన్యం ఉండొచ్చని ఒప్పుకున్నట్టే. చాలామంది మొదటి సగం ఒప్పుకుని రెండో సగం దగ్గర వెనక్కి తగ్గుతారు. అలా తగ్గితే కారణం చెప్పాలి.

భౌతికవాదానికి ఎదురయ్యే పేరున్న సవాలు 1982లో ఫ్రాంక్ జాక్సన్ వేసినది. నలుపు తెలుపు గదిలో పెరిగిన మేరీ అనే శాస్త్రవేత్తకు రంగుల చూపు గురించి భౌతిక విషయాలన్నీ తెలుసు. బయటికొచ్చి మొదటిసారి ఎరుపు చూస్తే కొత్తగా ఏమైనా తెలుసుకుంటుందా? తెలుసుకుంటుందంటే భౌతిక వివరణ అసంపూర్ణమన్నట్టు. తర్వాత జాక్సన్ తానే ఈ వాదం నుంచి వెనక్కి తగ్గాడు. ఆ సంగతి చెప్పకుండా వాదాన్ని మాత్రం వల్లించే వ్యాసాలు కోకొల్లలు.

మిగిలినవి క్లుప్తంగా. భ్రమవాదం, అంటే డేనియల్ డెనెట్, కీత్ ఫ్రాంకిష్‌ల దారి, ప్రశ్నను మారుస్తుంది: అనుభవం ఎందుకుందని కాదు, ఉందని మనకు అంత గట్టిగా ఎందుకు తోస్తుందో వివరించండి అంటుంది. వినడానికి మొండిగా ఉన్నా, ఇది పరీక్షకు నిలబెట్టగల ప్రశ్న. సర్వచైతన్యవాదం ప్రతి కణంలోనూ రవ్వంత అనుభవం ఉందంటుంది. అక్కడ చిక్కు కలపడం దగ్గర. కోట్ల రవ్వలు చేరి ఒక్క 'నేను' ఎలా అవుతాయి? విలియం జేమ్స్ 1890లోనే లేవనెత్తిన అభ్యంతరమిది. అద్వైతానికి చిక్కు దీనికి అద్దంలో బొమ్మ. చైతన్యం ఒక్కటే అయితే మీ పంటినొప్పి నాకెందుకు తెలియడం లేదు? ఉపాధి భేదం, అంటే ఒకే చైతన్యం వేర్వేరు దేహమనసుల వల్ల వేరుగా తోస్తుందని జవాబుంది, అయితే ఆ ఉపాధులు ఎలా పనిచేస్తాయన్నది మళ్లీ మెదడు దగ్గరికే తెస్తుంది.

ఇందులో ఏది పట్టుకోవాలి? మెదడు ప్రయోగాలు అర్థం చేసుకోవాలన్నా, చేయాలన్నా కార్యవాదాన్ని పనిముట్టుగా తీసుకోండి. అది నిజమని తేలిందని కాదు. ఏం చేస్తే తప్పని తేలుతుందో చెప్పగలిగే వాదనలు దానిలోనే ఎక్కువ పుడతాయి. అనుభవం ఎందుకుందన్న మూడో ప్రశ్నను కొట్టిపారేయకుండా పక్కన ఉంచుకోండి. దానికి జవాబు దొరికితే గానీ కదలనంటే మిగతా రెండు ప్రశ్నల్లో వచ్చిన ఫలితాలన్నీ చేజారిపోతాయి.

మెదడు సిద్ధాంతాలు: ఒకే ప్రయోగం, ఐదు చదువులు

సిద్ధాంతాల మధ్య తేడా పట్టుకోవడానికి ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూడటం మంచిది. స్టానిస్లాస్ డెహేన్ బృందం 2007లో చేసినది ఇలా ఉంటుంది. తెర మీద ఒక అంకె 16 మిల్లీసెకన్లు మెరుస్తుంది. ఆ తర్వాత అదే చోట చుట్టూ అక్షరాలతో ఒక 'ముసుగు' వస్తుంది. అంకెకూ ముసుగుకూ మధ్య వ్యవధిని 16 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా మారుస్తూ పోతారు. వ్యవధి బాగా తక్కువైతే అంకె అసలు కనబడదు, ఎక్కువైతే స్పష్టంగా కనబడుతుంది, సుమారు 50 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. గమ్మత్తేమిటంటే కంటికి చేరే అంకె అన్నిసార్లూ ఒకటే. మారేది కనబడటం, కనబడకపోవడం మాత్రమే. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, మొదటి సుమారు 200 మిల్లీసెకన్లలో మెదడు వెనక భాగంలో వచ్చే అలలు కనబడినా కనబడకపోయినా దాదాపు ఒకేలా మొదలవుతాయి. సుమారు 300 దగ్గర మాత్రం, కనబడినప్పుడు ఒక్కసారిగా ముందు భాగాలతో సహా మెదడంతా అలుముకునే పెద్ద అల లేస్తుంది. కనబడనప్పుడు అది లేవదు, లేదా బాగా చిన్నగా ఉంటుంది.

ఆ పెద్ద అలే చైతన్యం అంటుంది సార్వత్రిక కార్యరంగ సిద్ధాంతం. బెర్నార్డ్ బార్స్ 1988లో ప్రతిపాదించాడు, డెహేన్, షాంజూలు దాన్ని న్యూరాన్ల భాషలోకి తెచ్చారు. మెదడులో బోలెడు నిపుణ విభాగాలు ఎవరి పని వారు గుట్టుగా చేసుకుంటుంటాయి. ఏదో ఒక విషయం పోటీలో నెగ్గి అందరికీ ప్రసారమైనప్పుడే అది మన ఎరుకలోకి వస్తుంది. దీని బలం సూటిగా పరీక్షించగలగడం. బలహీనత ఎక్కడంటే, ఆ పెద్ద అల చూడటానికి గుర్తా, చూసింది చెప్పడానికి సిద్ధపడటానికి గుర్తా అన్నది. జవాబు చెప్పనక్కర్లేకుండా ప్రయోగం మార్చి చూసినప్పుడు, మనిషి స్పష్టంగా చూసినా ఆ చివరి అల కనబడని సందర్భాలు వచ్చాయి. రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపి, ఏది కనబడుతోందో బటన్ నొక్కించకుండా కనుగుడ్ల అసంకల్పిత కదలిక నుంచే రాబట్టినప్పుడు నుదుటి వెనక ప్రాంతాల చురుకుదనం చాలా వరకు చప్పబడింది.

విక్టర్ లామ్ వాదన ఈ చోటే బలపడుతుంది. కంటి నుంచి వచ్చిన సమాచారం మొదటి సుమారు 100 మిల్లీసెకన్లలో వెనక నుంచి ముందుకు ఒక్క ఊపున దూసుకెళ్తుంది. అది ఎరుక కాదు. పై ప్రాంతాల నుంచి కింది ప్రాంతాలకు సంకేతాలు తిరిగొచ్చి ప్రతిధ్వనించినప్పుడు ఎరుక పుడుతుంది, అందుకు నుదుటి భాగం అక్కర్లేదు. ముసుగు చేసే పని ఆ తిరుగు సంకేతాన్ని అడ్డుకోవడమే అంటాడు. అయితే ఒక ప్రశ్నకు ఆయన దగ్గర గట్టి జవాబు లేదు: ఎవరూ చెప్పలేని, గుర్తుంచుకోలేని అనుభవం ఉందని బయటి నుంచి రుజువు చేసేదెలా?

ఉన్నతస్థాయి సిద్ధాంతం డేవిడ్ రోజెంతాల్‌ది. చూడటం చాలదు, 'నేను చూస్తున్నాను' అని మెదడు తన స్థితిని తానే గుర్తించాలి. అంధచూపును, అంటే పైన చెప్పిన డీబీ లాంటివాళ్ల స్థితిని, ఇది అందంగా వివరిస్తుంది. పసిపిల్లలూ జంతువుల దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. ఊహాప్రధాన సిద్ధాంతాలు, అంటే అనిల్ సేథ్ లాంటివాళ్లు చెప్పేవి, మనం చూసేది ఇంద్రియాల నుంచి వచ్చినదాన్ని కాదనీ, ఇంద్రియాలు సవరిస్తూ ఉండే మెదడు అంచనాననీ అంటాయి. రబ్బరు చేతిని పక్కన పెట్టి, దాన్నీ బల్ల కింద దాగిన మన చేతినీ ఒకే తాళంలో కుంచెతో నిమిరితే కాసేపటికి రబ్బరు చెయ్యి మనదే అనిపిస్తుంది. ఇలాంటివి వివరించడంలో దీనికి సాటి లేదు. 'ఇలాగే ఎందుకు అనిపిస్తోంది' అన్నదానికి ఇది మంచి ఎంపిక. 'అసలు ఎందుకు అనిపిస్తోంది' అన్నదానికి కాదు. సేథ్ కూడా ఆ రెండో ప్రశ్నను వెంటాడనని దాచకుండా చెబుతాడు.

ఐదో చదువు మిగతావాటికంటే పూర్తిగా వేరు. జూలియో టొనోనీ 2004లో మొదలుపెట్టిన సమీకృత సమాచార సిద్ధాంతం మెదడు నుంచి కాక అనుభవం నుంచి బయల్దేరుతుంది. అనుభవం ఒక్కటిగా ఉంటుంది, నిర్దిష్టంగా ఉంటుంది. కాబట్టి దాన్ని మోసే వ్యవస్థ కూడా విడగొడితే నష్టపోయేలా అల్లుకుని ఉండాలి. ఆ నష్టానికి కొలత ఫై. మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నా, అది దెబ్బతింటే నడక, మాట తడబడతాయి గానీ ఎరుక పెద్దగా చెక్కుచెదరదు. ఎందుకు? చిన్నమెదడు తీగలు ఒకదానికొకటి పెద్దగా సంబంధం లేని వరుసలుగా ఉంటాయి, అల్లిక తక్కువ. ఇంత సూటి జవాబు ఇచ్చిన సిద్ధాంతం ఇంకోటి లేదు. దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఎక్కువే. మెదడంత వ్యవస్థకు ఫై లెక్కగట్టడం ఆచరణలో అసాధ్యం. పైగా 2014లో స్కాట్ ఆరన్సన్ చూపినట్టు, లాజిక్ గేట్లను, అంటే కంప్యూటర్లలోని అతి చిన్న లెక్కల ముక్కలను, ఒక గళ్ల వరుసలో అమర్చితే చాలు, ఏ తెలివీ లేని ఆ వస్తువుకు మనిషిని మించిన ఫై వస్తుంది. టొనోనీ దాన్ని కాదనలేదు, అవును ఉంటుందన్నాడు. 2023లో 124 మంది పరిశోధకులు దీన్ని నకిలీ శాస్త్రం అంటూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఆ మాట మరీ దుడుకు. తప్పుకావొచ్చు, కానీ తప్పని తేలే మార్గాలు ఇచ్చిన సిద్ధాంతమిది.

అలాంటి ఒక మార్గం గుండా కార్యరంగ సిద్ధాంతంతో దీనికి పోటీ పెట్టారు కూడా. రెండు పక్షాలవాళ్లూ ముందే కూర్చుని, ఏ ఫలితం వస్తే ఎవరికి నష్టమో రాసుకున్నారు. 256 మందిపై మూడు రకాల కొలతలతో ప్రయోగం జరిగింది, ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. ముఖాలు, వస్తువులు, అక్షరాలు అర సెకను, ఒక సెకను, ఒకటిన్నర సెకను చూపించారు. బొమ్మ ఉన్నంతసేపూ వెనక భాగంలో స్పందన నిలవాలని, ఆ ప్రాంతాలు తమలో తాము తాళం కలపాలని సమీకృత పక్షం అంచనా. మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. బొమ్మ మొదలైనప్పుడే కాక మాయమైనప్పుడూ ముందు భాగంలో మెరుపు రావాలని కార్యరంగ పక్షం అంచనా. మాయమైనప్పటి మెరుపు కనబడలేదు. ఇద్దరికీ కొంత మోదం, ఎక్కువ ఖేదం. అంతకు ముందే, 2023 జూన్‌లో, ఇంకో లెక్క తేలింది. పాతికేళ్లలో చైతన్యపు స్పష్టమైన మెదడు గుర్తు దొరుకుతుందని 1998లో చాల్మర్స్‌తో పందెం కాసిన న్యూరోశాస్త్రవేత్త క్రిస్టాఫ్ కోక్, ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు.

రోగి దగ్గర: కొలత ముందు, సిద్ధాంతం తర్వాత

మీ ప్రశ్న గాయపడిన మెదడు గురించైతే ఏ సిద్ధాంతమూ ఎంచుకోకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. మొదటి పని మామూలు పరీక్షను పద్ధతిగా చేయడం. కోమా నుంచి తేరుకునే స్థాయిని కొలిచే సవరించిన పట్టికలో వినికిడి, చూపు, కదలిక, నోరు, సంభాషణ, జాగృతి అని ఆరు విభాగాలు, మొత్తం 23 మార్కులు. 2009లో ఒక పరిశీలనలో, వైద్యబృందం ఎరుక లేదని అనుకున్న 44 మందిలో 18 మందికి ఈ పట్టికతో చూస్తే కనీస ఎరుక ఉందని తేలింది. ఎక్కువగా జరిగే లోపాలు రెండు. ఒక్కసారి చూసి వదిలేయడం మొదటిది. ఇలాంటి రోగుల ఎరుక గంటగంటకూ మారుతుంది, కనుక రెండు వారాల్లో కనీసం ఐదు సార్లు చూడాలి. చూపు వెంటాడుతోందా అన్నది పెన్నుతోనో వేలితోనో పరీక్షించడం రెండోది. చేతి అద్దం వాడాలి. మనుషులు తమ ముఖాన్ని మరే వస్తువుకంటే ఎక్కువగా వెంటాడతారు. అద్దం వాడనందువల్లే ఎరుక లేనివాళ్ల జాబితాలో పడ్డవాళ్లున్నారు.

తర్వాతి మెట్టు ఆజ్ఞకు మెదడు స్పందించడం. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదంలో గాయపడి ఐదు నెలలుగా స్పందన లేని 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి 'టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించు' అన్నారు. 30 సెకన్ల ఊహ, 30 సెకన్ల విశ్రాంతి, ఇలా మార్చి మార్చి. ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించడం ఇంకో పని. రెండింటికీ మెదడులో వేర్వేరు ప్రాంతాలు వెలిగాయి, ఆరోగ్యవంతుల్లో వెలిగినట్టే. ఒక్క పదం విని అసంకల్పితంగా వచ్చే స్పందన అర నిమిషం నిలవదు, అందుకే ఈ వ్యవధి కీలకం. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పైకి ఆజ్ఞ పాటించని 241 మందిలో 60 మందికి ఇలాంటి గుప్త స్పందన దొరికింది. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది, దాన్ని వదిలేసి వార్తలు రాస్తుంటారు: పైకి ఆజ్ఞ పాటించగలిగిన 112 మందిలో కూడా ఈ పరీక్షలో స్పందన దొరికింది 43 మందికే. కాబట్టి స్పందన దొరికితే అది బలమైన సాక్ష్యం, దొరక్కపోతే ఎరుక లేదని కాదు.

భాష అర్థం కాని, వినలేని రోగికి ఇదీ కుదరదు. అప్పుడు అక్కరకొచ్చేది మాసిమీనీ బృందం 2013లో ప్రవేశపెట్టిన సంక్లిష్టతా సూచిక. పుర్రె మీద అయస్కాంత కాయిల్ పెట్టి కార్టెక్స్‌ను, అంటే మెదడు పై పొరను, ఒక్క క్షణం తట్టి, సుమారు 60 ఎలక్ట్రోడ్లతో ఆ తరంగం ఎలా వ్యాపిస్తుందో చూస్తారు. ఇలా వందలసార్లు తట్టి, సగటు తీసి, మొదటి 300 మిల్లీసెకన్ల స్పందనను సున్నాలూ ఒకట్లుగా మార్చి, కంప్యూటర్ ఫైలును జిప్ చేసినట్టు కుదించి చూస్తారు. గాఢనిద్రలో స్పందన ఉన్న చోటే ఆగిపోతుంది లేదా మెదడంతా ఒకేలా ఊగుతుంది, దాన్ని తేలిగ్గా కుదించవచ్చు. ఎరుక ఉంటే స్పందన దూరాలకు పాకి చోటుచోటుకూ తీరు మారుతుంది, అంతగా కుదించలేం. సున్నా నుంచి ఒకటి వరకున్న ఈ కొలమానంలో గీత 0.31 దగ్గర గీశారు. చెడేది ఎక్కడ? కాయిల్ చేసే 'టిక్' శబ్దానికి చెవి ఇచ్చే స్పందన కొలతలో కలిసిపోతుంది, అందుకే చెవుల్లో ఆ టిక్‌ను కప్పేసే శబ్దం పెట్టాలి. నుదురు, కణతల కండరాలు అదిరితే ఎలక్ట్రోడ్లు ఆ అదురునే నమోదు చేస్తాయి. చచ్చిన కణజాలం మీద తడితే ఏ స్పందనా రాదు, ఆ మనిషికి ఎరుక లేదని పొరబడతాం. అందుకే స్కాన్ చూసుకుని బాగున్న భాగాలను, ఒకటికి మించి, ఎంచుకోవాలి.

ఈ సూచిక పుట్టింది టొనోనీ ఆలోచనల నుంచే. అంతమాత్రాన ఇది పనిచేస్తే ఆయన సిద్ధాంతం గెలిచినట్టు కాదు. దూరాలకు పాకే వైవిధ్యమున్న స్పందన కార్యరంగ సిద్ధాంతానికీ సమ్మతమే, తిరుగు సంకేతాల సిద్ధాంతానికీ సమ్మతమే.

ఆపరేషన్ మత్తు విషయంలోనూ ఇదే జాగ్రత్త. నుదుటి ఎలక్ట్రోడ్ల నుంచి ఒక అంకె చూపే మానిటర్లలో 40–60 మధ్య ఉంటే తగినంత మత్తు అని లెక్క. కెటమైన్ అనే మత్తుమందు ఇస్తే మనిషి స్పందించకపోయినా అంకె పైనే ఉండొచ్చు. కండరాలు సడలించే మందు మాత్రమే ఇస్తే పూర్తి మెలకువలో ఉండి స్వచ్ఛందంగా పరీక్షకు వచ్చినవాళ్లలోనూ అంకె పడిపోయింది. అంటే ఆ అంకెలో కొంత భాగం నుదుటి కండరానిది. ముంజేతికి పట్టీ బిగించి ఆ మందు చేతిలోకి పోకుండా ఆపి, 'నా చెయ్యి నొక్కండి' అని అడిగితే 2017 అధ్యయనంలో ఆపరేషన్ మత్తిచ్చిన 260 మందిలో 4.6 శాతం నొక్కారు. తర్వాత వాళ్లకు అది గుర్తులేదు. గుర్తులేకపోవడమూ, ఎరుక లేకపోవడమూ వేర్వేరు అన్నది ఇక్కడంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

జంతువులు, యంత్రాలు, ధ్యానం

జంతువుల ప్రశ్నకు ఉన్నతస్థాయి సిద్ధాంతాన్నీ, కార్టెక్స్ తప్పనిసరి అనే ఏ వాదాన్నీ పట్టుకోవద్దు. మనిషి మెదడు నిర్మాణాన్నే ప్రమాణం చేస్తే జవాబు ముందే రాసి పెట్టినట్టవుతుంది. కాకులకు మనలాంటి పొరల కార్టెక్స్ లేదు. అయినా 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో, కనీకనబడని వెలుగును కాకి 'చూశాను' అని తెలిపినప్పుడు మాత్రమే స్పందించే న్యూరాన్లు దొరికాయి. ఆక్టోపస్ న్యూరాన్లలో ఎక్కువ భాగం దాని చేతుల్లోనే ఉన్నాయి. అక్కడ 'ఒక్క అనుభవం' అన్న భావనకే పరీక్ష. ఇలాంటి చోట తిరుగు సంకేతాలు, నొప్పి తప్పించుకోవడానికి ఏది వదులుకుంటుంది, గాయాన్ని ఎలా చూసుకుంటుంది వంటి గుర్తులను విడివిడిగా కూడబెట్టే పద్ధతే మేలు.

యంత్రాల విషయంలో సిద్ధాంతం మారితే జవాబే మారుతుంది, కాబట్టి ఎంపికను దాచకుండా ముందే చెప్పాలి. కార్యరంగ సిద్ధాంతం ప్రకారం తగిన ప్రసార ఏర్పాటు ఉంటే యంత్రానికి అడ్డేమీ లేదు. టొనోనీ ప్రకారం సాఫ్ట్‌వేర్ ఏదైనా లెక్కలోకి రాదు, మామూలు కంప్యూటర్ చిప్పు అల్లికను బట్టి ఫై దాదాపు శూన్యం. సేథ్ ప్రకారం ప్రాణాన్ని నిలుపుకునే దేహం లేనిదే కష్టం. 2023లో ఒక పరిశోధక బృందం కార్యవాదాన్ని ముందే అంగీకరించి, వేర్వేరు సిద్ధాంతాల నుంచి 14 గుర్తులు తీసి జాబితా చేసింది. ఉన్నవాటిలో అదే పనికొచ్చే దారి. యంత్రం 'నాకు బాధగా ఉంది' అనడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోలేం. మనుషులు రాసిన కోటానుకోట్ల వాక్యాల మీద తయారైనదానికి ఆ వాక్యం రాయడం రాకపోతేనే వింత.

ధ్యానం, కలలు, సుషుప్తి మీ ఆసక్తి అయితే లోపలి సాక్ష్యాన్ని వదులుకోనక్కర్లేదు, బయటి గుర్తుతో ముడిపెడితే చాలు. మాండూక్యం జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అని నాలుగు చెప్పింది. మొదటి మూడింటి మధ్య హద్దులు ఇప్పుడు ఈఈజీలో, అంటే తల మీది ఎలక్ట్రోడ్లు నమోదు చేసే మెదడు అలల్లో, చూడొచ్చు. కల అని తెలిసి కలగనేవాళ్లు ముందే ఒప్పుకున్నట్టు కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి నిద్రలోంచి సంకేతం పంపగలరని 1970లలో మొదలైన ప్రయోగాలు చూపాయి. 2021 నాటికి వాళ్లను నిద్రలోనే చిన్న కూడికలు అడిగి జవాబు రాబట్టారు. అనుభవం చెప్పే మనిషికీ, కొలిచే యంత్రానికీ ఇలాంటి వంతెన లేకపోతే రెండు పక్షాలూ ఎవరి మాట వారు మాట్లాడుకోవడమే అవుతుంది.

క్వాంటం భౌతికశాస్త్రాన్ని లాక్కొచ్చే వాదాల మీద ఎక్కువ సమయం వెచ్చించకండి. న్యూరాన్లలోని సన్నని గొట్టాలలో క్వాంటం స్థితులు నిలుస్తాయన్న ప్రతిపాదనకు మాక్స్ టెగ్‌మార్క్ 2000లో లెక్కకట్టి చూపిన ఆయుష్షు సెకనులో సుమారు పది లక్షల కోట్లో వంతు మాత్రమే. న్యూరాన్లు పనిచేసేది మిల్లీసెకన్ల లెక్కలో. ప్రతిపాదకులు ఆ లెక్కను ఒప్పుకోలేదు గానీ, దాన్ని దాటే కొలత చూపాల్సింది వాళ్లే.

'చైతన్యపు చిరునామా దొరికింది' అని రేపో మాపో ఇంకో వార్త వస్తుంది. అప్పుడు ఆ అధ్యయనంలో రెండు చూడండి. పాల్గొన్నవాళ్లు చూసిందాన్ని చెప్పాల్సి వచ్చిందా లేదా? చెప్పాల్సి వస్తే ఆ మెరుపు చూపుదా, మాటదా అన్నది తేలలేదన్నట్టే. రెండోది, ఏ ఫలితం వస్తే తమ సిద్ధాంతం తప్పని రచయితలు ముందే రాసుకున్నారా? రాసుకోకపోతే ఆ ఫలితాన్ని మిగతా సిద్ధాంతాలవాళ్లు కూడా తమ ఖాతాలో వేసుకోవడానికి అడ్డేమీ ఉండదు.